చాందల నన్ను మోడన్నరు

చంద్రపూర్ పోయొచ్చినోల్లంత ఆడి కోటగోడ గురించి చెప్తరు. నేను సుత గోడ గురించే చెప్త. గని కోటది కాదు. మా యారాలు ఇంటెనుక నడుమెత్తు గోడ ఒకటున్నది. నన్ను నిమ్మళంగ ఉండనియ్యంది ఆ గోడనే.

మేం కాగజ్‌నగరోల్లం చంద్రపూర్ అనం, చాంద అంటం. పొద్దుగాల రైలెక్కితె పగటి బువ్వ యాల్లకు దిగుతం. గంత దగ్గర. అయినా అంగట్ల నా పక్కపొంటి కూసునే ఆడోల్లు ఒక్కలు సుత చాంద మొఖం చూడలె. ఆల్ల కోసమే ఇది చెప్తున్న. నాకు సంతకం దాకనే వచ్చు. టైలర్ బిడ్డ సరోజ రాస్తుంది. నడుమ నడుమ నవ్వుతుంది. నవ్వితె నవ్వు గని నా మాట మార్చకు బిడ్డా అన్న.

బయిలెల్లుడు

మా ఆయన పోయినంక నేను ఎల్లిగడ్డ, ఎండు మిరపకాయ అమ్ముడు షురువు చేసిన. అంగట్ల నాది ఒక గోనెసంచి పరిచేటంత జాగ. దాని మీదనే బతికిన.

నేను చాంద పోయిన ఏడు చలికాలం బోరింగు కాడ పాకురుకు జారి పడ్డ. కుడికాలు మోకాలు కింద బొక్క ఇరిగింది. మా దిక్కు కట్టుగట్టేటాయన వెదురు దబ్బలు వెట్టి, గుడ్డు సొనల మినుప పిండి కలిపి పట్టేసి కట్టిండు. బొక్క అతికింది, అబద్ధమెందుకు. గని కట్టు ఇప్పేటాల్లకు మోకాలు కట్టె లెక్క అయింది. నిలవడుత. కర్ర వట్టుకొని నాలుగడుగులు ఏస్త. నేల మీద కూసోలేను. ఎవలన్న పట్టి కూసోవెడితె మల్ల లేవలేను.

సేట్లకు గద్దెలుంటయి, సార్లకు కుర్సీలుంటయి. మాకు నేలనే దుకాణం. నిలవడి ఎల్లిగడ్డ అమ్ముతరా ఎవలన్న? చేటల పోసి చెరగాలె, పొట్టు ఊదాలె, తక్కెడ పట్టాలె. కింద కూసుండి మల్ల లేవకపోతె నేను మనిషినే కాదు.

నేను పోని మొదటి అంగడి నాడు ఉల్లిగడ్డ పోశవ్వ తన గంప నా జాగల ఒక మూలకు వెట్టిందట. మల్ల అంగడికి రెండు గంపలైనయి. నేను కర్ర మీద పోయి చూస్తె, "నీ జాగ నేను కావలి కాస్తున్న అక్కా" అన్నది. కావలి కాసేటోల్లు గంపలు వెడుతరా? చెప్పుండ్రి.

గసుంటప్పుడు వచ్చింది మా యారాలు కనకవ్వ, మా మరిది పెండ్లాం. చాంద పక్కన పద్మాపూర్ల బొగ్గుబాయి క్వార్టర్ల ఉంటరు. మా ఇద్దరికి ఏండ్లకెల్లి మాట సరిగ లేదు. ఎందుకంటె, మా ఆయన పదకొండోనాడు నాకు ఏడుపు రాలె. కండ్లు ఎండిపోయినయి, ఏం చెయ్యాలె? నలుగురి నడుమ ఈ కనకవ్వ అన్నది: "మోడు లెక్క నిలవడ్డది సూడుండ్రి." ఆకంత రాలి ఎండిన చెట్టును మోడు అంటం. మొగడు పోయినదాన్ని పట్టుకొని ఆ మాట అంటె అది చెట్టు ముచ్చటేనా? ఆ మాట మింగిన. అది ఇంక అరగలె.

గా కనకవ్వ నా ఇంటికొచ్చి, అడగక ముందే నా మోకాలు ఒత్తి చూసి, "నడువక్కా, చాందల కొత్తగ బొక్కల డాక్టరొచ్చిండు. నా తాన ఉండి చూపించుకో" అన్నది.

"ఎందుకు?"

"ఎందుకేంది? కాలు బాగైతది."

"నా కాలు బాగైతె నీకేం ఒస్తది అంటున్న."

"నీకు ప్రతిదానికి వకీలు లెక్క సవాలే. లే, బట్టలు సదురు."

సూడుండ్రి, జవాబు చెప్పనే లేదు. పిల్లి ఊకెనే ఎల్కకు కాల్లొత్తుతదా? అయినా బయిలెల్లిన. పోశవ్వ మూడో గంప తెచ్చేటందుకు తయారున్నది మరి.

రైల్ల

సిర్పూర్ల ఒక మీసాలాయన ఎక్కి మా ముంగట కూసున్నడు. పల్లికాయ ఒలుస్తుండు, పొట్టు నా చెప్పుల మీద పడుతుంది. నా కర్ర చూసిండు.

"బొక్కల దవఖానకా, పెద్దమ్మా?"

"అవు."

"మా ఊరోడు ఒకడు పోయిండు. మోకాలు తీసి ఇనుపది వెట్టిన్రు."

నేను మోకాలు మీద చెయ్యేసుకున్న. "ఇనుపదా?"

"ఫారిన్ ఇనుము. ఇప్పుడు సర్కారు తలుపులు బార్లా తెరిసింది గద, బయటి దేశం సామానంత మన దిక్కే వస్తుంది. టీవీలొచ్చినయి, కూల్‌డ్రింకులొచ్చినయి, మోకాల్లు సుత వస్తున్నయి."

"తుప్పు పట్టదా?"

"వానకాలం జర పైలంగ ఉండాలె" అన్నడు, బాగ తెలిసినోని లెక్క.

కనకవ్వ పైకెల్లి కిందికి చూసింది ఆయన్ని. "ఓ అన్నా, నువ్వు పల్లికాయ తిను, లేకుంటె మాట్లాడు. రెండు పనులు ఒక నోటితోని చెయ్యకు."

ఆయన నోరు మూసిండు గని నాకు మాత్రం ఇనుము మోకాలు మనసుల పడ్డది. కనకవ్వ ఆయన నోరు ఎందుకు మూపిచ్చింది? నిజం బయటవడుతదనేనా?

సిర్పూర్ దాక రైల్ల "చాయ్, చాయ్" అంటరు. బల్లార్షా రాంగనే "చహా, చహా" అయితది. నడుమ ఒక్క హ దూరింది, రుచే మారింది. అల్లం ఎక్కువ, పాలు తక్కువ, చక్కెర పాకమే. మా దిక్కు గిలాసల తాగుతం, ఈడ సాసర్ల పోసుకొని జుర్రుతరు. కప్పు రూపాయి. మా టేషన్ల సుత రూపాయే గని మా గిలాస పెద్దది.

ఆడనే ఇంకోటి చూసిన. చాయ్‌వాలాతోని కనకవ్వ మరాఠీ మాట్లాడబట్టింది. నాతోని తెలుగు, మలిగి వానితోని మరాఠీ, మల్ల నాతోని తెలుగు. మనిషి గదే, నోరు వేరే. నా ముంగటనే నన్ను ఏమన్నా అనొచ్చు, నాకు తెల్వదు. కప్పు అడుగుకు ఉన్న చాయ్ నేను తాగలె.

పద్మాపూర్

క్వార్టరు చిన్నది. రెండర్రలు, ముంగట పందిరి, ఎనుక ఆ గోడ. బొగ్గు గనులు దగ్గర్నే. అవి మా దిక్కు బాయిల లెక్క భూమి లోపటికి దిగేటివి కావు, చెరువు తవ్వినట్టు పైకెల్లి తవ్వుకుంట పోతరు. తెల్ల బట్ట ఆరేస్తె బూడిద బట్ట అయి ఇంట్లకొస్తది. అందుకేనేమొ ఆడ తెల్లచీర కట్టినోల్లు నాకు కండ్లవడలె.

కనకవ్వ కోడలు వందన మరాఠీ పిల్ల. చిన్న పిల్లల బడిల పని చేస్తది. నేను గడప దాటంగనే తల మీద కొంగేసుకొని వంగి కాల్లు మొక్కింది, ఒక చిన్న గిన్నెల బెల్లం ముక్క, చెంబుల నీల్లు ఇచ్చింది. ఎండల పడి వచ్చినోల్లకు ఆడ గట్లనే ఇస్తరట. మా దిక్కు ఉత్త నీల్లు ఇస్తం. బెల్లం మేం ఎప్పుడు వెడుతం? మొక్కు మేకకు వెడుతం. ఆ పిల్ల నవ్వుకుంట వెట్టింది. నేను మొక్కు మేక లెక్కనే అటిటు చూసుకుంట తిన్న.

పగటీలి బువ్వ తిని మంచం మీద ఒరిగిన. భూమి లోపటికెల్లి ధన్నున మోగింది. గోడకున్న తలెలు గలగలమన్నయి, సూరుకెల్లి మన్ను రాలింది. భూకంపం అనుకొని మంచం కిందికి దూరుదామంటె కుడికాలు వంగదు, అడ్డం నిలవడ్డది. సగం మంచం మీద, సగం కింద, ఇరుకున వడ్డ గొడ్డు లెక్క ఒర్లుతున్న.

కనకవ్వ ఉరికొచ్చింది. "అక్కా, అది గనుల బారుదు పేల్చుడు! రోజు పేలుస్తరు."

"ముందుగాల చెప్పొద్దా?"

"చెప్తె నువ్వు నమ్ముతవా?"

నిజమే, నమ్మేదాన్ని కాదు. గని ఆ మాట నేను ఒప్పుకోలె. ఇద్దరు పట్టి లేపిన్రు. నేల మీదికెల్లి లేవడానికి ఇద్దరు మనుషులు కావాలె నాకు. గది యాదికొచ్చి ఆ పొద్దు బువ్వ సయించలె.

గోడ మీదికెల్లి

తెల్లారింది. నేను లోపట పండుకునే ఉన్న. గోడ అవుతలికెల్లి ఆడమనిషి గొంతు, మా అంగట్ల వినవడేటంత పెద్దది.

"కనకాబాయీ! మోడ్ ఆలే కా?"

నాకు మరాఠీ రాదు గని అంగడిల పడి నలిగినదాన్ని. రాజూర దిక్కు మరాఠీ బేరగాల్లు మా అంగడికి వస్తరు. ఆలే అంటె వచ్చుడు. కా అంటె అడుగుడు. అంటె ఏందన్నట్టు? మోడు వచ్చిందా?

కనకవ్వ ఇవుతలికెల్లి, "హో, ఆలే, ఆలే!" అన్నది. ఆ, వచ్చింది వచ్చింది. ఇద్దరు కలిసి నవ్విన్రు.

ఆనాడు పదకొండోనాడు అన్న మాట, గోడ అవుతలోల్లకు సుత నేర్పి పెట్టింది! నేను రాకముందే నా పేరు వచ్చి ఉన్నది ఆ ఊల్లె.

రెండోనాడు మల్ల. "మోడ్ ఆలే కా?"

"నాహీ అజూన్" అన్నది కనకవ్వ. ఇంక రాలేదు అన్నట్టు. నేను అప్పటికింక మంచం దిగలె. సరిపోయింది లెక్క.

మూడోనాడు నేను కావాలని పొద్దుగాలనే లేచి ఎనుక వాకిట్ల నిలవడ్డ. ఆమె గోడ మీదికెల్లి తొంగిచూసింది. శాంతాబాయి అట పేరు. ముక్కుకు పెద్ద పుల్ల, కాల్ల నడుమకెల్లి తీసి ఎనుక దోపిన చీర, గోడ కాడ ఒక నల్ల మేక. నన్ను చూసి పండ్లన్ని బయటవెట్టి నవ్వి, ఏమేమో అన్నది. నేను మొఖం తిప్పుకున్న. నేను ఎదురుంగ ఉన్న గనుకనే ఆ పొద్దు మోడు అనలె. దొంగకు దొంగబుద్ధి.

కనకవ్వను అడగొచ్చు గద అంటరు మీరు. అడిగితె, "ఇంక గా మాట పట్టుకొని ఉన్నవా?" అంటది. నేను గా మాట పట్టుకొని ఉన్ననని దానికి తెలుసుడు నాకు ఇష్టం లేదు.

బొక్కల దవఖాన

కొత్త దవఖాన. నున్నటి బండలు, జారితె ఇంకో కాలు ఇరుగుతది. బొక్కలు ఇరిగినోల్లు వచ్చే తావుల గట్లాంటి బండలు ఎందుకు ఏసిన్రు? బేరం పెరగాలనేమొ. బయట గది నిండ ప్లాస్టిక్ కుర్సీలు, మూలకు రంగుల టీవీ. టీవీల ఒక అమ్మాయి తల ఇరబోసుకొని అటిటు ఊపుతుంది, సబ్బునీల్ల పొట్లం కోసం. నా పక్కన చెయ్యి ఇరిగినాయన అది చూసుకుంట నొప్పి మర్సిండు.

డాక్టరు పడుసు పోరడు. బొక్క ఫోటో తీపిచ్చి, ఎత్తి పట్టి చూసిండు, నా మోకాలు అటిటు మలిపిండు. హిందీల చెప్పిండు. బొక్క మంచిగ అతికింది, కట్టిన మనిషి పనోడు, మోకాలు మాత్రం జామైంది, రోజు వచ్చి కసరత్తు చెయ్యాలె అని.

"సూది?" అన్న.

"సూది వద్దు."

"సెలైను?"

"వద్దు."

"గోలీలన్న ఇయ్యి."

"నొప్పైతె ఒకటి ఏసుకో. కసరత్తే మందు."

బయటికొచ్చి కనకవ్వతోని అన్న, "ఇంత పెద్ద దవఖాన కట్టి సూది ఇయ్యనోడు డాక్టరా? మా దిక్కు జరమొస్తె మూడు సూదులిస్తరు. వీడు కోసేటందుకే ఆగుతుండు. అవుతలి అర్రల ఇనుము ఉన్నదేమొ చూసి రాపో."

"ఇనుము లేదు, నీ నోట్ల ముల్లున్నది" అన్నది.

కసరత్తు చేపించే పిల్ల బలంగలది. నన్ను బల్ల మీద పండవెట్టి, మోకాలు కింద ఒక చెయ్యి, చీలమండకు ఒక చెయ్యి ఏసి, "మోడో, ఆజీ, మోడో!" అన్నది.

లేచి కూసున్న. "ఈమెకెవలు చెప్పిన్రే?"

"ఏంది?" అన్నది కనకవ్వ.

"నా పేరు."

"ఏం పేరక్కా? మోడో అంటె హిందీల వంచు అని, ఆజీ అంటె ఈడ అవ్వ అని. కాలు వంచమంటుంది."

సరే, హిందీల వంచుడైతె అయింది. మరి శాంతాబాయి మాట్లాడేది హిందీ కాదు గద. వంచుడే అయితె, "వంచుడు వచ్చిందా" అని గోడ మీదికెల్లి ఎవలన్న అడుగుతరా? నేను అంగడిదాన్ని. ఒక తక్కెడ తప్పు తూగితె ఇంకో తక్కెడల ఏసి చూస్త.

వంచితె ఏడుపొచ్చింది నాకు. మా ఆయన పదకొండోనాడు రాని నీల్లు ఆ బల్ల మీద వచ్చినయి. ఆ పిల్ల ఆగలె. రోజు గంతే. రోజు ఒక ఏలెడంత ఎక్కువ వంచేది. ఇంటికొచ్చి మంచం అంచు మీద కూసొని నేను సుత వంచేది. ఎవలు చూడనప్పుడు కర్ర పక్కన వెట్టి, గోడ పట్టి కొంచెం కొంచెం కిందికి దిగేది. సగం కాడ ఆగేది. అవుతల దిగితె లేస్తనో లేవనో అని భయం.

తోకల గింజలు

కనకవ్వ ఇంట్ల తిండి మంచిదే. జొన్నరొట్టె మా లెక్కనే, పలుచగ. కూరల నువ్వులు, పల్లి పొడి ఎక్కువ. బయట బండ్ల మీద అటుకులు ఉడికిచ్చి పైన ఎర్రటి పులుసు పోసి ఇస్తరు, కండ్లల్ల నీల్లొస్తయి, మల్ల కావాలె అనిపిస్తది. అండ్ల ఏసే మిరపకాయ ఏ ఊరిదో అడిగిన, వాడు చెప్పలె. వ్యాపారం తెలిసినోడు.

గని ఒకటే నాకు అనుమానం. రోజు పొద్దుగాల నాకొక్కదానికే వేరే గిన్నెల ఏదో పులుసు. తోకలున్న గింజలు, మెత్తగ, ఇంత బెల్లం, ఇంత కారం ఏసి. ఇంట్ల ఇంకెవలు తినరు. నాకే.

"నువ్వు తినవా?" అన్న.

"నీకోసం చేసినక్కా. తిను, బలమొస్తది."

మరిది నోరు తెరిచిండు, "నాకు సుత జర..." అనబోయిండు. కనకవ్వ కండ్లురిమింది. ఆయన రొట్టె ముక్క నోట్ల కుక్కుకొని డ్యూటీకి పోయిండు. తినొద్దని మొగన్ని కండ్లతోని ఆపిందంటె అండ్ల ఏముండాలె?

వంటింట్లకు పోదామంటె నన్ను రానియ్యది. "తడి ఉన్నది, జారుతవ్, పో." తడి ఉన్నదా, ఇంకేమన్న ఉన్నదా?

నేను గిన్నె పట్టుకొని ఎనుక వాకిట్లకు పోయేది. గోడ అవుతల నల్ల మేక నోరు తెరిచి ఉండేది. దానికి పోసేది. ఖాళీ గిన్నె చూసి కనకవ్వ సంబురవడేది. మేక సుత సంబురవడేది. మొదట రెండు రోజులు మేక చస్తదేమొనని చూసిన. చావలె, ఒల్లు చేసింది. నిదానంగ పనిచేసే మందేమొ అనుకున్న.

అట్ల పోంగ పోంగ ఒక పొద్దుగూకె యాల్ల, శాంతాబాయి, కనకవ్వ గోడ కాడ నిలవడి మాట్లాడుకుంటున్నరు. నేను లోపట కిటికి కాడ మోకాలు వంచుతున్న. శాంతాబాయి చేతులు తిప్పుకుంట చెప్తుంది:

"కపడ్యాత్ ఘట్ బాంధూన్ ఠేవ్. అంధారాత్ ఠేవ్. మగ్ మోడ్ యేతాత్."

కపడా నాకెరుకే. బాంధ్ అంటె కట్టుడు, ఎరుకే. అంధార్ అంటె చీకటి. బట్టల గట్టిగ కట్టి చీకట్ల వెట్టు అంటుంది. ఎవలను? మోడును!

బట్టల గట్టి చీకట్ల వెట్టేది మనిషిని ఎప్పుడు? సచ్చినంకనే గద.

కనకవ్వ ఏమన్నదో ఎరుకేనా? "బరం" అన్నది. సరే అన్నది!

కోటగోడ కాడ

మల్లనాడు మరిది డ్యూటీకి, వందన బడికి, కనకవ్వ కంట్రోలు దుకాణానికి పోంగనే నా రెండు చీరెలు మూట గట్టిన, కర్ర పట్టిన. సవారీ జీపు ఎక్కి చాందకు వచ్చిన. టేషన్‌కు తొవ్వ అడుగుకుంట అడుగుకుంట పోతుంటె కోట దర్వాజ కాడ అంగడి తగిలింది.

మీకు చెప్పాలె గద, పెద్ద కోట. గోడ మీద మోటరు సుత పోతదేమొ, గంత ఎడల్పు. దర్వాజల కెల్లి ఆటోలు, బండ్లు, ఆవులు ఒక్కతీరుగ దూరుతయి. ఆ గోడ నీడకు ఆడోల్లు మా లెక్కనే గోనెసంచులు పరుచుకొని కూసుంటరు. వాల్లను చూడంగనే నా పానం కొట్టుకున్నది. ఎల్లిగడ్డ దగ్గర ఆగి ధర అడిగిన. మా కాడికంటె పావుకు రూపాయి ఎక్కువ, గడ్డ చూస్తె సన్నది.

అప్పుడు వినవడ్డది. గోడ కింద కూసున్న ఒకామె, నా దిక్కే చూసుకుంట, గొంతెత్తి ఒర్లింది:

"మోడ్ ఆలేలీ! మోడ్ ఆలేలీ!"

ఇగ నాకు మండింది. ఇంట్ల అన్నరు, గోడ మీదికెల్లి అన్నరు, దవఖానల అన్నరు. ఎవలో తెల్వని ఊరి నడిబజార్ల సుత అంటరా? సక్కగ ఆమె ముంగటికి పోయిన.

"కిస్కు బోల్‌తీ మోడు? నన్నేనా?"

ఆమె బిత్తరపోయింది. "కాయ్ ఝాలం, బాయీ?" అన్నది, ఏమైందన్నట్టు.

"క్యా మోడు? ఎవలు మోడు? నీ మొగడు బతికుండు గనుక నోరు లేస్తుందా?" సగం హిందీ, సగం తెలుగు, ఉమ్ము అంత ఆమె మీదనే పడ్డది.

ఆమె నన్ను చూసింది. నా మెడ చూసింది, నా నొసలు చూసింది. తన కొంగు పక్కకు జరిపి తన ఒట్టి మెడ చూపించింది. ఆమెకు సుత లేడు.

అప్పుడు ఆమె ముంగటున్న తడిబట్ట మూట ఇప్పింది. లోపట గింజలు. ఒక్కొక్క గింజకు తెల్లటి తోక. చిటికెడు తీసి నా దిక్కు చాపింది.

"హే మట్కీ." పెసర్ల అసుంటి గింజ చూపించింది. "హే మోడ్." తెల్ల తోక మీద గోరు వెట్టి చూపించింది. "మోడ్."

నేను వంగి చూసిన. కనవడలె. ఇంక వంగిన. తోక చివరికి మంచు చుక్క లెక్క మెరుస్తుంది. చెయ్యి వెట్టి మూటల గింజలు కదిలిచ్చిన. బట్టల కట్టి, చీకట్ల వెడితె, మోడ్ వస్తది. మనం మొలక అనేదాన్ని వీల్లు మోడ్ అంటరు. ఎండి సచ్చిన చెట్టును మేం అనే మాట, ఈల్లు పుట్టేదానికి పెట్టుకున్నరు. ఈ దేశపోల్ల నోట్ల మన్ను వడ, ఎంత ఆగం చేసిన్రు నన్ను!

నవ్వొచ్చింది. నవ్వి, అలవాటున గింజలు దోసిట్ల పట్టి పొట్టు ఊదిన. ఊదినంక చూసుకున్న. నేను నేల మీద కూసున్న. రెండు మోకాల్లు ముడిచి, సంచి అంచు మీద, మా అంగట్ల కూసున్నట్టే. ఎప్పుడు కూసున్ననో నాకే తెల్వదు.

సంబురం ఒక్క గడియనే. లేవాలె గద ఇప్పుడు.

కర్ర ముంగట పాతిన. ఎడమ అరికాలు నేలకు ఒత్తిన. కుడి మోకాలు పండ్లు కొరుకుతుంది. లేవబోయిన. నడుమ దాక వచ్చి మల్ల కూలవడ్డ. ఆమె గబాల్న చెయ్యిచ్చింది.

"ముట్టకు" అన్న. తెలుగులనే అన్న. ఆమెకు అర్థమైంది. నేల మీద కూసొని బతికేటోల్లకు ఆ మాట ఏ భాషలనైనా సమజైతది. చెయ్యి ఎనుకకు తీసుకున్నది, గని కండ్లు తియ్యలె.

ఆ బలంగల పిల్ల గొంతు యాదికి తెచ్చుకున్న. మోడో, ఆజీ, మోడో. ముందు ఇంక కొంచెం కిందికి వంచిన, నొప్పి తలకెక్కేదాక. గా నొప్పి మీదనే బరువేసి లేచిన. గోడ ఊగినట్టైంది. ఆకాశం ఊగినట్టైంది. ఆగినయి. నేను నిలవడి ఉన్న.

"ఝాలం!" అన్నది ఆమె. అయింది అని. ఆ మాట నాకు మంచిగ తెలిసింది.

మట్కీ పావు కిల తీసుకున్న. తూకం సరిగ ఉన్నదా లేదా రెండుసార్లు చూసిన. సరిగనే ఉన్నది. టేషన్ దిక్కు పోలె, ఎనుకకు మలిగిన.

మల్ల పద్మాపూర్

క్వార్టర్ల మూలమలుపు కాడ కనకవ్వ కొంగు జారింది సుత చూసుకోక నిలవడ్డది. పక్కన శాంతాబాయి.

"యాడికి పోయినవే ముసల్దానా!" ఎప్పుడు అక్కా అనేది, ఆనాడు అనలె.

"మట్కీకి."

"మట్కీకి పోయేదానివి మూట ఎందుకు పట్టుకపోయినవ్?"

నేను మూట ఎనుకకు దాచిన.

"పారిపోయినవ్ గద? నా ఇంట్ల నీకేం తక్కువైంది?"

"నన్నెందుకు తెచ్చినవో ముందు అది చెప్పు. ఆనాటికెల్లి అడుగుతున్న."

కనకవ్వ తొవ్వ మీదనే ఏడ్పందుకున్నది. "కోడలు మరాఠి. మనుమడు పుడితె వాడు సుత మరాఠే అయితడు. మొగడు పనికెల్లి వచ్చి గుర్రువెడుతడు. కోడలు మంచిది, ఎదురు మాట్లాడదు. ఎదురు మాట్లాడనోల్లతోని ఎన్ని రోజులుంటరు? మరాఠీల తిడుదామంటె సగంల మాట దొర్కదు నాకు. తెలుగుల నోరారా కొట్లాడి ఎన్నేండ్లైందో ఎరుకేనా? నీ అసుంటిది ఇంకోతి దొర్కలె. అందుకు తెచ్చిన. చాలా?"

మొఖం చూస్తె అబద్ధం లెక్క లేదు. గని నిజం చెప్పేటోల్లు గింత ఆలస్యంగ ఎందుకు చెప్తరు?

ఇంటికొచ్చి మట్కీ తడిబట్టల కట్టి చీకటి మూలకు వెట్టినం. నా చేతులతోనే కట్టిన. మొలకలు ఇంక పొడుగైతయట. తెల్లారింది.

"కనకాబాయీ! మోడ్ ఆలే కా?"

కనకవ్వ నోరు తెరిచేలోపట నేను గోడ కాడికి పోయిన. "ఆలే బాయీ, ఆలే. చాలత్ ఆలే." వచ్చింది, నడుచుకుంట వచ్చింది అన్న.

శాంతాబాయికి ఏం సమజైందో, మేక మెడ పట్టుకొని నవ్వింది. కనకవ్వ మాత్రం నవ్వలె. "నీకు మరాఠీ ఎప్పుడొచ్చింది?" అన్నది. అప్పుడు చెప్పిన, గోడ మాట, కట్టేసే మాట, మేక ముచ్చట, అంత. పదకొండోనాటి మాట సుత చెప్పిన. నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నది. పదకొండోనాటి కాడికి రాంగనే ఆగింది.

"నేనా? నేనన్ననా గట్ల?"

"నువ్వే."

"నాకు యాదిలేదక్కా. ఒట్టు."

ఇన్నేండ్లు నేను మోసిన మాట, అన్నదానికి యాదిలేదట. నిజంగ యాదిలేదా, లేనట్టు చేస్తుందా, ఇప్పటికి నాకు అనుమానమే.

ఒకటి మాత్రం సాఫ్. మొలకలు తిన్నది మేక, వంగింది నా మోకాలు. ఎవలన్న మట్కీతోని బొక్క బాగైతదంటె నన్నడగుండ్రి, నేను చెప్త.

అంగడి

నేను ఇంటికి వచ్చిన తొలి అంగడి నాడు పోశవ్వ గంపలు నా జాగల నాలుగున్నయి. నేను గోనెసంచి ఆ గంపల మీదనే పరిచిన. "కాలు?" అన్నది. నేను గంపల పక్కపొంటి నేల మీద కూసున్న. చూసుకుంటనే ఉన్నది, లేస్తదా లేవదా అని. గంపలు మాత్రం జరపలె. పొద్దుగూకె దాక ఆగి, ఆమె కండ్ల ముంగట లేచిన. అప్పుడు జరిపింది.

మా అంగడి మూలకు ఇప్పుడు పసుపు రంగు డబ్బా ఫోన్ల దుకాణం పడ్డది. అంగడి రోజు ఆ దుకాణమాయన ఒర్లుతడు, "మల్లవ్వా, చాంద ఫోను!" నేను కర్ర తీసుకుంట, లేస్త. ఎవల చెయ్యి పట్టను. పోశవ్వ ఇంక చూస్తనే ఉంటది.

ఫోను ఎత్తంగనే కనకవ్వ బాగున్నవా అనదు.

"మోడ్ ఆలే కా?" అంటది.

"ఆలే" అంట.

ఇగ ఆడికెల్లి తెలుగుల షురువైతది మా కొట్లాట.